గోడ బాకీ

మా షెడ్డు గుమ్మం మీద ఒక అట్టముక్క వేలాడుతుంది,
నా చేతిరాతే:
"టైరు జాతి మార్చారా?
ఇన్సూరెన్సుకు ఫోన్ చేసి చెప్పండి."
వాన జల్లుకి సగం అక్షరాలు కారిపోయాయి గానీ
నోటితో చెప్పడం నేనెప్పుడూ మానలేదు.

వేల్సు కొండల్లో మాది ఒంటి వీధి ఊరు.
తారు రోడ్డు చివరి ఇంటి దాకా వచ్చి
ఇక నావల్ల కాదన్నట్టు ఆగిపోతుంది.
ఆ పైన గొర్రెల దారి, బురద, గేటు, మళ్ళీ బురద.
అందుకే వస్తారు నా దగ్గరికి
చిన్న చిన్న కార్లు వేసుకుని,
పసివాడి కాళ్ళకి పాలేరు బూట్లు తొడగమంటూ.

నర్సు ఎలునెడ్ నవంబరులో వచ్చింది.
పై కొండలో ఒక ముసలాయనకి
వారానికి మూడుసార్లు కాలిపుండు కట్టు మార్చాలి.
జాకీ ఎత్తకముందే ఫోన్ చేయించాను.
అటువైపు కుర్రాడు ఓపిగ్గా అడిగాడు,
"మార్పుకి కారణం ఏమిటండీ?"
"బురద," అంది.
వాడి జాబితాలో బురద లేదు.
అందం ఉంది, వేగం ఉంది.
చివరికి "ఇతరములు" కింద రాసుకుని
ఏడాదికి ముప్పై ఎనిమిది పౌండ్లు పెంచాడు.
తిట్టుకుంటూనే కట్టింది.

నా కారు సంగతి ఎవరూ అడగలేదు.
పద్నాలుగేళ్ళ ఫాబియా.
ఒక శనివారం, షెడ్డు మూసే వేళ,
ఎవరో వదిలేసిపోయిన నాలుగు బురద టైర్లు
మూలనుంచి నన్నే చూస్తుంటే
బిగించేసుకున్నాను.
చక్రం గూట్లో వేలు దూరే సందు మిగిలింది.
ఆనాటి నుంచి స్పీడు ముల్లు కూడా
నాలాగే
ఉన్నదానికన్నా కొంచెం తగ్గించి చెప్పేది.
సోమవారం ఫోన్ చేద్దామనుకున్నాను.
సోమవారాలు చాలా వచ్చాయి.

బురదలో మేకపిల్లలా ఎక్కేది, అబద్ధమెందుకు.
తడి తారు మీదే తంటా.
ఆ లావు దిమ్మెలకు సందులెక్కువ, పట్టు తక్కువ:
ఈ మాట రోజుకి నలుగురికి చెబుతాను నేను.
ఫిబ్రవరి రాత్రి, సన్నటి వాన,
చాపెల్ కింది మలుపు.
బ్రేకు మీద కాలు నిండా ఉంది.
కారు మాత్రం
ఇంకేదో ఆలోచించుకుంటూ
నింపాదిగా వెళ్ళి
గ్వెన్లియన్ గారి రాతిగోడలో తల పెట్టింది.

కంపెనీ తరఫున ఒకావిడ వచ్చింది.
గొంతుక్కూర్చుని
టైరు పక్క బురదని బొటనవేలితో తుడిచి
అంకెలు చదివింది.
"ఎవరు బిగించారు?"
"నేనే."
తలెత్తి గుమ్మం మీది అట్టముక్క కూడా చదివింది.
ఏమీ అనలేదు.
అని ఉంటే బాగుండేది.

గోడకి డబ్బు వాళ్ళే ఇస్తారట,
తర్వాత నా దగ్గర రాబట్టుకుంటారట.
నా కారుకి పైసా రాదు.
గోటితో పోయేది,
ఒక్క ఫోన్‌తో పోయేది,
గొడ్డలి దాకా తెచ్చుకున్నాను.

గ్వెన్లియన్ గారికి ఎనభై ఒకటి.
ఆ కాగితం మడిచి టీకప్పు కింద పెట్టింది.
"డబ్బు వచ్చి రాళ్ళు పేరుస్తుందా?
నీకు చేతులున్నాయిగా," అంది.

అప్పటినుంచి ఆదివారాలు ఆ గోడవే.
సున్నం లేదు, సిమెంటు లేదు,
రాయి మీద రాయి ఆనాలి, అంతే.
ఆవిడ కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.
"అది కూర్చోలేదు, తియ్యి."
తీస్తాను.
"తిప్పి పెట్టు."
తిప్పుతాను.
వాళ్ళ నాన్న పేర్చిన గోడట,
ఆయన గంటకి గజం కట్టేవాడట.
నేను పొద్దుట నుంచీ ఒక్క రాయితో కుస్తీ పడుతున్నాను.

కింద రోడ్డు మీద ఎలునెడ్ కారు
బరువైన చక్రాల మీద హోరుమంటూ పోతూ
హారన్ కొట్టింది.
వెక్కిరింతో పలకరింపో తెలీలేదు.

"ఆ టైర్లేం చేశావు?" అడిగింది ముసలావిడ.
"తీసేశానండీ. షెడ్డు మూలన పడున్నాయి."
"ఒకటి ఇలా పట్రా,
బంగాళాదుంపలు నాటుకుంటాను."

ఇంకా రెండు గజాలు మిగిలుంది.